శాక్సనీ ఇసుకరాతి శిఖరాల మీద క్లైంబింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

డ్రెస్‌డెన్ పక్కనున్న ఇసుకరాతి శిఖరాల గురించి అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. చేతులకు పూసుకునే చాక్ పొడి ఎందుకు వద్దు, పగుళ్ళలో ఇరికించే లోహపు క్యామ్ ఎందుకు వద్దు, తాడుకు ముడేసి దాని మీద ప్రాణం పెట్టడమేమిటి అని అడుగుతున్నారు. ప్రయాణం అనుకున్న దగ్గర్నుంచి శిఖరం దిగేదాకా ఏ దశలో వచ్చే ప్రశ్నలను ఆ దశ కింద పెట్టాం. ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్ళవచ్చు.

## వెళ్దామా అని ఆలోచిస్తున్నప్పుడు

సాక్సన్ స్విట్జర్లాండ్ అంటే స్విట్జర్లాండ్‌లో ఉంటుందా?

కాదు, జర్మనీలో ఉంది. శాక్సనీ రాష్ట్రంలో డ్రెస్‌డెన్‌కు ఆగ్నేయంగా, ఎల్బె నదికి రెండు వైపులా, చెక్ సరిహద్దు దాకా పరుచుకున్న ఇసుకరాతి సీమ ఇది. 18వ శతాబ్దంలో డ్రెస్‌డెన్‌లో పనిచేసిన ఆడ్రియాన్ జింగ్, ఆంటోన్ గ్రాఫ్ అనే స్విస్ చిత్రకారులకు ఇక్కడి కొండలు సొంతూరిని గుర్తు చేశాయట, ఆ పోలికే పేరై నిలిచింది. ఎత్తులో ఆల్ప్స్‌తో పోలికే లేదు. క్రెటేషియస్ కాలంలో సముద్రం అడుగున పేరుకున్న ఇసుక రాయిగా మారింది, నీళ్ళు దాన్ని నిలువునా కోసి వేర్వేరు స్తంభాలుగా విడదీశాయి. అలా విడిగా నిలబడ్డ శిఖరాలు 1,100కు పైగా ఉన్నాయి. వాటి మీద నమోదైన దారులు 20,000 దాటాయి.

ఫ్రీ క్లైంబింగ్ ఇక్కడే పుట్టిందంటారు. నిజమా, గొప్పకు చెప్పుకునే మాటా?

చాలావరకు నిజమే. 1864లో షాండావ్‌కు చెందిన వ్యాయామ సంఘం కుర్రాళ్ళు ఫాల్కెన్‌స్టైన్ అనే పెద్ద శిఖరం ఎక్కారు, అయితే కృత్రిమ సాధనాల సాయంతో. పదేళ్ళ తరువాత, 1874లో, రాటెన్ దగ్గరి మ్యోన్ష్‌స్టైన్‌ను అలాంటి సాయమేదీ లేకుండా ఎక్కారు. చేతులతో, కాళ్ళతోనే ఎక్కాలి, తాడూ ఇనుమూ పడితే ఆపడానికే గాని పైకి లాగడానికి కాదు అనే పద్ధతికి ఇక్కడివాళ్ళు ఆ ఏడాదినే మొదలుగా లెక్కిస్తారు. 1892లో ఆస్కర్ షుస్టర్ ఫాల్కెన్‌స్టైన్ మీద వేసిన దారిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. కొత్తవాళ్ళు ఎక్కువగా మొదలుపెట్టే పెద్ద దారి అదే.

రూడోల్ఫ్ ఫేర్‌మాన్ 1908లో ఈ ప్రాంతపు క్లైంబింగ్ గైడ్‌బుక్ తెచ్చారు. 1913 కూర్పులో నియమాలు అచ్చయ్యాయి. 1911లో జెక్సిషర్ బెర్గ్‌స్టైగర్‌బుంట్ అనే శాక్సనీ క్లైంబర్ల సంఘం ఏర్పడింది. తాడు తగిలించడానికి రాతిలో దిగ్గొట్టే ఇనుప రింగుల బాధ్యతా, నియమాల బాధ్యతా నేటికీ ఆ సంఘానివే.

ఈ పద్ధతి బయటికి పాకిన దారులు కూడా తెలిసినవే. డ్రెస్‌డెన్‌లో 1900లో పుట్టిన ఫ్రిట్స్ వీస్నర్ 1929లో అమెరికా వెళ్ళారు, 1937లో అక్కడి డెవిల్స్ టవర్ అనే రాతి స్తంభాన్ని ఫ్రీగా ఎక్కారు. బవేరియావాడైన కుర్ట్ ఆల్బర్ట్ 1973లో ఇక్కడికి వచ్చి చూసి, తిరిగి వెళ్ళాక బవేరియాలోని ఫ్రాంకెన్‌యూరా రాళ్ళ మీద ‘రోట్‌పుంక్ట్’ (తాడు మీద ఆగకుండా దారి మొత్తం ఎక్కడం) పద్ధతి మొదలుపెట్టారు. ఇవాళ ఏ జిమ్‌లోనైనా వినిపించే ‘రెడ్‌పాయింట్’ మాట అక్కడిదే.

జిమ్‌లో 6బి (దారి ఎంత కష్టమో చెప్పే ఫ్రెంచి గ్రేడ్) ఎక్కుతాను. ఇక్కడ ఎంతవరకు ఎక్కగలను?

మొదటి వారం మీ స్థాయికి బాగా దిగువన ఉండండి. ఇక్కడి గ్రేడ్లు రోమన్ అంకెల్లో ఉంటాయి. ఏడు నుంచి ప్రతి అంకెకూ ఎ, బి, సి అనే మెట్లు చేరతాయి. మన వీలు కోసం 7ఎ, 8బి అని రాసుకుందాం, కానీ ఫ్రెంచి 7ఎతో కలపకండి. శాక్సన్ 7ఎ అంటే సుమారుగా ఫ్రెంచి 5, శాక్సన్ 8ఎ సుమారుగా ఫ్రెంచి 6ఎ, శాక్సన్ 10ఎ సుమారుగా ఫ్రెంచి 7ఎ+.

అంకె కండబలాన్ని చెబుతుంది, రక్షణ ఎంత దూరంలో ఉందో చెప్పదు. జిమ్‌లో 6బి ఎక్కేవాళ్ళు ఇక్కడ శాక్సన్ 4, 5 దారుల్లో ముందు ఎక్కడం (జట్టులో మొదటివారిగా తాడు తీసుకుని ఎక్కడం) నేర్చుకుని, 7ఎ దారులు స్థానికుల వెనక ఎక్కి చూడడం సరైన వరస. వెడల్పాటి పగుళ్ళు, చిమ్నీలు (మనిషి లోపల దూరి ఎక్కేంత పగుళ్ళు) జిమ్‌లో ఉండవు. శాక్సన్ 5 చిమ్నీ జిమ్ 6బి వాళ్ళను కూడా మధ్యలో ఆపేస్తుంది.

భువనగిరి గుట్ట మీద, హైదరాబాద్ బండల మీద నేర్చుకున్నాను. ఆ అనుభవం పనికొస్తుందా?

పాదాల మీద నమ్మకం, తాడు పని, తల నిబ్బరం బాగా పనికొస్తాయి. పనికిరానిది రాతి గురించిన అంచనా. మన గ్రానైట్ వాన వెలిసిన గంటకే ఎండుతుంది, తడిసినా బలం తగ్గదు, జారడమొక్కటే సమస్య. ఇసుకరాయి నీళ్ళు పీల్చుకుంటుంది. పైపొర ఎండినట్టు కనిపించినా లోపల తడి రోజుల తరబడి ఉండి, పట్టు విరిగి చేతిలోకి వస్తుంది. గ్రానైట్ మీద మొనదేలిన చిన్న అంచును గట్టిగా లాగడం అలవాటైతే, ఇక్కడ దాన్ని కిందికి నొక్కడం అలవాటు చేసుకోవాలి. బయటికి లాగితే పెళుసు పెంకు ఊడుతుంది.

ఏ నెలలు మంచివి? డ్రెస్‌డెన్ నుంచి ఎలా చేరాలి?

మే, జూన్, సెప్టెంబరు, అక్టోబరు మొదటి సగం. నడివేసవిలో ఎండ తగిలే గోడల మీద చేతులు చెమటతో జారతాయి, అప్పుడు నీడ గోడలు వెతుక్కోవాలి. డ్రెస్‌డెన్ నుంచి ఎస్1 లోకల్ రైలు ఎల్బె ఒడ్డునే రాటెన్, బాట్ షాండావ్, ష్మిల్కా మీదుగా షోనా దాకా వెళ్తుంది. రాటెన్‌లో స్టేషన్ ఎడమ ఒడ్డున, ఊరూ రాళ్ళూ కుడి ఒడ్డున ఉన్నాయి, పడవ దాటాలి. ఇంజను లేకుండా, తీగకు కట్టి నది వాలుకే నడిచే పడవ అది. ష్మిల్కాలోనూ పడవే దిక్కు, కాబట్టి సాయంత్రం ఆఖరి పడవ ఎన్నింటికో ముందే చూసుకోండి.

## నియమాల గురించి

చాక్ వాడితే ఏమవుతుంది? ఒక్క తెల్లపొడికి ఇంత పట్టింపేమిటి?

చాక్ అంటే మెగ్నీషియం కార్బనేట్. గ్రానైట్ మీద వాన కడిగేస్తుంది. ఇసుకరాయి రంధ్రాల రాయి. చెమటా నూనే కలిసిన పొడి ఆ రంధ్రాల్లో ఇరుక్కుంటే పట్టు నునుపెక్కుతుంది, పోగొట్టాలంటే బ్రష్‌తో రుద్దాలి, రుద్దితే రాయే అరుగుతుంది. పైగా నల్లటి గోడ మీద తెల్లమచ్చలు ఏ పట్టు ఎక్కడుందో ముందే చెప్పేస్తాయి. దారిని తానే చదువుకోవడం ఇక్కడి క్లైంబింగ్‌లో సగం పని, ఆ పని పోతుంది. జిగురుపొడి కూడా నిషేధమే.

చెమట పట్టే చేతులున్నవాళ్ళు ఉదయం పూట, నీడ గోడల మీద, గాలి ఆడే రోజున ఎక్కుతారు. రింగ్ దగ్గర ఆగినప్పుడు అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంటారు. పగుళ్ళలో చెయ్యి ఇరికించే చోట చెమట పెద్ద అడ్డంకి కాదు.

నట్లు, క్యామ్‌లు నా దగ్గర ఉన్నాయి. అత్యవసరానికైనా తీసుకెళ్ళకూడదా?

కూడదు. పగుళ్ళలో లోహం పెట్టి రక్షణ చేసుకోవడం పూర్తిగా నిషేధం. ఈ రాతికి పైన గట్టి పెంకు ఉంటుంది, లోపల మెత్తటి ఇసుక. నట్ మీద పడితే దాని అంచు పెంకును కోసేస్తుంది. క్యామ్ అయితే పడినప్పుడు పగులు గోడలను బయటికి తోసి పలకను పగలగొడుతుంది. ఒకసారి పెంకు పోయాక ఆ చోటు ఏటేటా గుల్లవుతుంది. మెత్తటి తాడు ముడి ఒత్తిడిని పరచుకుంటుంది, రాతి కన్నా ముందు తానే నలుగుతుంది. ఇనుముగా అనుమతించేది రింగులే. శిఖరం మీద దిగే కొక్కెం కూడా ఆ కోవలోదే.

వాన కురిసి ఎన్నాళ్ళయ్యాక ఎక్కవచ్చు?

తడి రాతి మీద, చెమ్మ రాతి మీద ఎక్కడం నియమాల ప్రకారం నిషేధం. ఈ విషయంలో రాజీ లేదు. ఇసుక రేణువులను కలిపి పట్టుకునే బంధం నీటికి సడలుతుంది, కొన్ని ఇసుకరాళ్ళకు సగం బలం పోతుంది. అప్పుడు విరిగిన పట్టు మీకొక్కరికే కాదు, తరువాత వచ్చే అందరికీ పోయినట్టే.

గంటల లెక్క చెప్పడం కష్టం. ఎండా గాలీ తగిలే దక్షిణపు గోడ, చిన్న జల్లు తరువాత, ఒక రోజులో ఎండవచ్చు. లోయలోని ఉత్తరపు గోడ, వరసగా వాన పడితే, నాలుగైదు రోజులైనా ఎండదు. ఇలా చూసుకోండి:

- రాతి అడుగున ఇసుకను వేలితో రెండు అంగుళాలు తవ్వండి. లోపల ముద్దగా ఉంటే వెనక్కి వెళ్ళండి.
- గోడ రంగు చూడండి. పక్కనున్న పొడి భాగం కన్నా ముదురుగా ఉంటే ఇంకా తడి ఉంది.
- పగులు లోపల అరచెయ్యి పెట్టి ఒక నిమిషం ఉంచండి. చల్లగా, జిగటగా అనిపిస్తే గోడ ముఖం ఎండినా లోపల ఎండలేదు.
- నాచు పట్టిన చోట అనుమానమే అక్కర్లేదు, అది తడే.

వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చి ఒక రోజు ఊరికే కూర్చోవాలంటే బాధగానే ఉంటుంది. ఆ రోజు కొండ మీది కాలిబాటలు నడవండి, మర్నాడు ఎక్కబోయే దారిని కింద నుంచి చదువుకోండి.

రింగులు ఎవరు కొడతారు? తక్కువగా ఉన్నాయి కదా, ఇంకొన్ని కొడితే ఏం పోతుంది?

దారిని మొదట ఎక్కినవాళ్ళే రింగ్ కొట్టాలి, అదీ కింద నుంచి ఎక్కుతూనే. పైనుంచి వేలాడుతూ కొట్టడం కుదరదు. నిలబడే చోటు చూసుకుని, ఒక చేత్తో పట్టుకుని, సుత్తి, ఉలి లాంటి చేతి డ్రిల్లుతో బొటనవేలు పట్టే రంధ్రం చెయ్యాలంటే చాలాసేపు పడుతుంది. అందుకే రింగ్ ఎక్కడుందో చూస్తే ఆ మనిషి ఎక్కడ నిలబడగలిగాడో, ఎక్కడ దాకా ధైర్యం చేశాడో తెలిసిపోతుంది. తరువాత వచ్చినవాళ్ళు సొంతంగా చేర్చకూడదు. నిజంగా ప్రాణాపాయమైన చోట మొదట ఎక్కినవారి ఒప్పుకోలుతో, సంఘం అనుమతితో తరువాత రింగ్ చేర్చే పద్ధతి ఉంది. గైడ్‌బుక్‌లో దాన్ని విడిగా గుర్తు పెడతారు.

రింగ్ పట్టుకుని వేలాడి సేద తీరితే ఎక్కినట్టు లెక్కకొస్తుందా?

వస్తుంది. ఇక్కడి పాత పద్ధతిలో రింగ్ దగ్గర తాడు మీద కూర్చుని ఊపిరి తీసుకోవచ్చు. రింగును చేత్తో పట్టుకుని పైకి లాక్కోవడం, దాని మీద కాలు పెట్టడం మాత్రం తప్పు. చాలా దారుల గ్రేడ్ ఇలా ఆగుతూ ఎక్కే లెక్కలో ఉంటుంది, ఆగకుండా ఎక్కితే ఎంతో గైడ్‌బుక్ పక్కనే వేరుగా ఇస్తుంది.

స్నేహితుడి భుజాల మీద నిలబడి ఎక్కడం మోసం కాదా?

ఇక్కడ అది ‘బౌష్టెల్లె’, అంటే కట్టడం పని జరిగే చోటు. నియమాలకు లోబడిన పాత పద్ధతి. పట్టు అందని ఎత్తులో ఉంటే కిందివాళ్ళు గోడకు ఆనుకుని నిలబడతారు, వాళ్ళ తొడల మీద, భుజాల మీద, చివరికి తల మీద కాలు పెట్టి పైవాళ్ళు అందుకుంటారు. రాతిని తాకింది మనుషులే కదా, రాతికి గాయం లేదు అన్నది తర్కం. గైడ్‌బుక్‌లో ఆ దారికి ‘మద్దతుతో’ అని ఉంటుంది. మద్దతు లేకుండా ఎక్కినవాళ్ళు ఉంటే ఆ గ్రేడ్ వేరుగా ఉంటుంది. దారి మధ్యలో ఇలా చేస్తే కింద నిలబడ్డవాళ్ళను కూడా రింగుకు కట్టాలి. మొదటిసారి చేసేవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

ముందు పైనుంచి తాడు వేలాడదీసి సాధన చేసి, తరువాత లీడ్ చేయవచ్చా (తాడు తీసుకుని ముందు ఎక్కవచ్చా)?

చేయకూడదు. అంచు మీద తాడు అటూ ఇటూ రాసుకుంటే ఇసుకరాతిలో వేలు పట్టే గాడి పడుతుంది, పాత శిఖరాల అంచుల్లో వాటిని చూడవచ్చు. ముందు ఎక్కినవారు పైన కూర్చుని వెనకవాళ్ళను తాడుతో పైకి రప్పించుకోవడం మామూలే, అది వేరు.

## సామాను సర్దుకుంటున్నప్పుడు

ఏ స్లింగులు (తాడు లేదా టేపు ఉచ్చులు), ఎన్ని?

మామూలు రోజుకు ముడి వేసిన తాడు స్లింగులు 10 నుంచి 15 దాకా, ఉత్త టేప్ స్లింగులు 6 నుంచి 8 దాకా, రింగులకు 5, 6 క్విక్‌డ్రాలు (రెండు లోహపు కొక్కేల మధ్య చిన్న పట్టీ). తాడు స్లింగుల్లో 5 మి.మీ. నుంచి 11 మి.మీ. దాకా అన్ని లావులూ ఉండాలి, ఎందుకంటే తాడు లావే ముడి లావును నిర్ణయిస్తుంది. 5 మి.మీ. ముడి వేలు దూరని పగులుకు, 11 మి.మీ. జంట ముడి పిడికిలి పగులుకు.

బలం సంగతి తెలిసి ఉండాలి. యూరోపియన్ ప్రమాణం ప్రకారం సన్న తాడు ఒంటిపేటకు ఉండాల్సిన కనీస బలం 5 మి.మీ.కు 5 కిలోన్యూటన్లు, 6 మి.మీ.కు 7.2, 7 మి.మీ.కు 9.8, 8 మి.మీ.కు 12.8. ముడి వేసిన చోట అది గణనీయంగా తగ్గుతుంది. కాబట్టి 5, 6 మి.మీ. స్లింగ్ ఒక్కదాని మీదే పెద్ద పతనాన్ని వదలకండి, దగ్గర దగ్గరగా రెండు పెట్టండి.

కొత్త తాడు బిరుసుగా ఉంటుంది, ముడి పగులు ఆకారానికి ఒదగదు. కొని తెచ్చాక నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, చేతులతో బాగా నలిపి వాడండి. డైనీమా అనే కృత్రిమ నార టేప్ నున్నగా జారుతుంది, అందులో వేసిన ముడి బరువు పడితే పాక్కుంటూ పోతుంది. ముడి స్లింగులకు నైలాన్ మేలు.

వీటికి తోడు అరచెయ్యంత పొడవున, చివర పలచగా చెక్కిన చెక్కపుల్ల ఒకటి కావాలి. ముడిని పగులు లోపలికి నెట్టడానికీ, వెనక వచ్చేవారు దాన్ని తీయడానికీ అదే ఆధారం. ఇనుప పుల్ల రాతిని గీస్తుంది, వద్దు.

తాడు ఒకటా రెండా?

రెండు హాఫ్ రోప్‌లు (జంటగా వాడే సన్న తాళ్ళు) మంచివి. దారులు వంకరగా పోతాయి, పొడుగు స్లింగులు అటూ ఇటూ ఉంటాయి. ఒకే తాడు అయితే రాపిడికి బరువెక్కి, ముడి స్లింగులను పైకి పెకలిస్తుంది. దిగేటప్పుడు రెండూ కలిపితే పూర్తి పొడవు వాడుకోవచ్చు. చిన్న శిఖరాలకే పరిమితమైతే 60 మీటర్ల సింగిల్ తాడు సరిపోతుంది. దిగే ఎత్తు ఎంతో గైడ్‌బుక్‌లో చూసుకోండి.

ఇక్కడివాళ్ళు వట్టికాళ్ళతో ఎక్కుతారట?

కొందరు ఎక్కుతారు. హోన్‌స్టైన్‌కు చెందిన బెర్న్‌ట్ అర్నోల్ట్ వందల కొద్దీ కొత్త దారులు వేసినవారు, వాటిలో చాలా వట్టికాళ్ళతో ఎక్కారు. తూర్పు జర్మనీ రోజుల్లో మంచి క్లైంబింగ్ బూట్లు దొరకకపోవడం ఒక కారణం, గరుకు ఇసుకరాతి మీద చర్మం బాగా పట్టడం మరో కారణం. మీరు మామూలు క్లైంబింగ్ బూట్లే తెచ్చుకోండి. ఎక్కే ముందు అడుగుభాగం గుడ్డతో తుడవండి. బూటుకు అంటిన ఇసుక రేణువులు గరుకు కాగితంలా పట్టును అరగదీస్తాయి.

## రాతి మీద

ముడి స్లింగ్ పగులులో ఎలా పెట్టాలి?

పైన వెడల్పుగా ఉండి కింద ఇరుకయ్యే చోటు వెతకండి. అలాంటి చోటు లేకపోతే ముడి నిలవదు.

మొదట ముడిని చేతిలోనే గట్టిగా బిగించండి. తరువాత, ఆ వెడల్పులో సరిగ్గా దూరే లావు ఎంచుకుని, పైనుంచి లోపలికి దింపి, చెక్కపుల్లతో ఇరుకు మీద కూర్చోబెట్టండి. ముడి రెండు పక్కలా రాయి తగలాలి, ఒక్క మొన మీద వేలాడకూడదు. అంచుకు మరీ దగ్గరగానూ వద్దు, పెంకు విరుగుతుంది, వీలైనంత లోపలికి పెట్టండి. అప్పుడు స్లింగును కిందికి ఒకసారి గట్టిగా, మళ్ళీ కొంచెం పక్కకు లాగి చూడండి. చివరగా పొడుగు స్లింగ్ కలిపి తాడు తగిలించండి.

రాతి కన్నంలో అటు నుంచి ఇటు స్లింగ్ దూర్చగలిగితే, ఇరుక్కున్న రాయి చుట్టూ కట్టగలిగితే అది ముడి కన్నా నమ్మకమైనది. కానీ కన్నానికి అటూ ఇటూ ఉన్న రాతి స్తంభం మణికట్టు లావైనా లేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

లాగి చూస్తే గట్టిగానే ఉంది, ఎక్కాక ఊడిపోయింది. ఎందుకు?

నాలుగు కారణాలు. మొదటిది, ముడి ముందుగా బిగించలేదు. చేత్తో వేసిన వదులు ముడి బరువు పడగానే బిగుసుకుని సన్నబడి, అదే ఇరుకులోంచి జారిపోతుంది. పడినవాళ్ళ ముడులు ఊడడానికి ఇదే పెద్ద కారణం. రెండోది, పొడుగు స్లింగ్ లేక తాడు కదలిక ముడిని పైకి లేపింది. మూడోది, రాతి కొమ్ముకు వేసిన స్లింగ్ తాడు ఊపుకు జారిపోయింది. దానికి రెండు మూడు క్యారబినర్లు (తాడు తగిలించే లోహపు కొక్కేలు) బరువుగా వేలాడదీస్తే కూర్చుంటుంది. నాలుగోది, చోటే ఇసుక రాలుతూ గుల్లగా ఉంది. ముడి పెట్టే ముందు వేలి కణుపుతో తట్టండి. బోలుగా మోగితే ఇంకో చోటు వెతకండి.

మొదటి రింగ్ పది మీటర్ల పైన ఉంది. అంతవరకూ ఏమీ ఉండదా?

చాలా దారుల్లో ఏమీ ఉండదు, లేదా మీరు పెట్టుకున్న స్లింగే ఉంటుంది. లెక్క వేసుకోండి. 6 మీటర్ల దగ్గర రింగ్ ఉంది, మీరు దాని పైన 5 మీటర్లు, అంటే నేల నుంచి 11 మీటర్ల ఎత్తులో ఉన్నారు. పడితే రింగ్ దాకా 5, రింగ్ కింద 5, తాడు సాగడానికీ వదులుకూ కనీసం 1.5. మొత్తం 11.5. అంటే రింగ్ ఉన్నా నేల తగులుతారు. రింగ్ 10 మీటర్ల దగ్గర ఉండి మీరు 4 మీటర్లు పైకి వెళ్ళినా కింద మిగిలేది నాలుగున్నర మీటర్ల లోపే.

అందుకే ఇక్కడ వెనక్కి దిగి రావడం ఒక నైపుణ్యంగా నేర్పుతారు. ఒక్కో కదలికను తిప్పి చేయగలరో లేదో చూసుకున్నాకే తరువాతిది. తిరిగి దిగినవారిని ఇక్కడ ఎవరూ చులకన చేయరు. దిగడం తెలిసినవారినే జట్టులో కోరుకుంటారు.

గైడ్‌బుక్‌లో దారి పక్కన ఆశ్చర్యార్థకం, నక్షత్రం ఉన్నాయి. అర్థమేమిటి?

ఆశ్చర్యార్థకం అంటే రక్షణ సరిపోదు, పడితే పెద్ద దెబ్బ ఖాయం. గ్రేడ్ ఎంత చిన్నదైనా కొత్తవారు ముట్టుకోకూడదు. ఒక నక్షత్రం అంటే అందమైన దారి, రెండంటే మరీ మంచిది. గ్రేడ్ బదులు వేరే వరసలో మామూలు అంకె కనిపిస్తే అది దూకే దారి. పక్క రాతి మీంచి ఎదుటి శిఖరం మీదికి దూకాలి. దూకేముందు తాడు వదులు ఎంత కావాలో బిలేయర్‌తో (మీ తాడు పట్టుకున్నవారితో) కొలిచి మాట్లాడుకోండి. తక్కువైతే తాడు గాల్లోనే వెనక్కి లాగుతుంది.

ఎవరో వదిలేసిన పాత స్లింగ్ ఉంది. దానికి తాడు తగిలించవచ్చా?

దాన్ని మాత్రమే నమ్మకండి. ఎండకు నైలాన్ లోలోపల పెళుసవుతుంది, రంగు వెలవడం, తాకితే గరుకుగా ఉండడం గుర్తులు. మీ కొత్త స్లింగ్ అదే చోట పెట్టి ముందుకు వెళ్ళండి. పాతది తేలికగా వస్తే తీసి సంచిలో వేసుకుని తీసుకురండి.

## శిఖరం మీద, దిగేటప్పుడు

పైన ఇనుప పెట్టెలో పుస్తకం ఉంది. అందరూ రాయవచ్చా?

ఎక్కినవాళ్ళందరూ రాయాలి. అది శిఖర పుస్తకం. తేదీ, దారి పేరు, ముందు ఎక్కినవారి పేరు మొదట, వెనకవాళ్ళ పేర్లు తరువాత. కొత్త దారి అయితే దాని వివరం కూడా అందులోనే మొదట నమోదవుతుంది. పెట్టె మూత సరిగ్గా వేయకపోతే వాన నీరు దిగి కాగితాలు ముద్దవుతాయి, మూత వేశాక ఒకసారి లాగి చూడండి. పైన కలిసినవాళ్ళతో చేతులు కలిపి ‘బెర్గ్ హైల్’ అనుకోవడం ఇక్కడి మర్యాద.

దిగడం ఎలా?

శిఖరం అంచున పెద్ద ఇనుప కొక్కెం ఉంటుంది, తాడు దాంట్లోంచి దూర్చి దిగాలి. తాడు చివర్లకు ముడులు వేయండి. కొక్కెం అంచుకు వెనకగా ఉంటే తాడు గాడిలో ఇరుక్కుంటుంది. మొదట దిగినవారు కింద నుంచి తాడు రెండడుగులు లాగి కదులుతోందో లేదో చూశాకే ఆఖరివారు దిగాలి. లాగేటప్పుడు మెల్లగా లాగితే రాతి అంచు అరగదు.

బార్బరీనె ఫోటోలు చూశాను. దాన్ని ఎక్కవచ్చా?

ఎక్కకూడదు. ప్ఫాఫెన్‌స్టైన్ కొండ పక్కన 40 మీటర్లకు పైగా నిలబడ్డ సన్నటి సూది అది. 1905లో ఫేర్‌మాన్, అమెరికన్ ఆలివర్ పెర్రీ-స్మిత్ కలిసి మొదట ఎక్కారు. రాయి బాగా శిథిలమవడంతో 1975 నుంచి నిషేధం. పక్కనున్న చూపుగట్టు నుంచి చూడవచ్చు.

ప్రమాదం జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి?

112. శిఖరం పేరు, దారి పేరు, ఏ ప్రాంతం అన్నది చెప్పండి. ‘అడవిలో రాయి దగ్గర’ అంటే వాళ్ళు వెతకలేరు. కొండ రక్షక దళం వస్తుంది. లోయల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి ఎక్కే ముందే ఎక్కడ సిగ్నల్ ఆఖరుగా దొరికిందో గుర్తు పెట్టుకోండి.

## ఉండడం, తిరగడం

రాతి చూరు కింద పడుకోవచ్చంటారు. నిజమేనా?

దాన్ని ‘బోఫె’ అంటారు. నేషనల్ పార్కులో క్లైంబింగ్ కోసం వచ్చినవాళ్ళకు మాత్రమే, గుర్తించిన 58 చోట్ల ఆ అనుమతి ఉంది. పక్షులు గూడు కట్టే కాలం కాబట్టి 2022 నుంచి ఫిబ్రవరి 1 – జూన్ 15 మధ్య నిషేధం పెట్టారు. వెళ్ళే ఏడాది పార్కు ప్రకటన చూసుకోండి. మంట వెలిగించడం పార్కులో ఎక్కడా కుదరదు. 2022 జూలైలో చెక్ వైపు మొదలైన కార్చిచ్చు సరిహద్దు దాటి ఈ అడవినీ కాల్చింది, ఎండాకాలంలో ఇక్కడ ఆకులు అగ్గిపెట్టెలా ఉంటాయి.

ఇష్టమొచ్చిన శిఖరం ఎక్కవచ్చా?

1990 అక్టోబరు 1న నేషనల్ పార్కు ఏర్పడింది. సంఘం జాబితాలో ఉన్న విడి శిఖరాలే ఎక్కాలి, కొండకు అతుక్కున్న పెద్ద గోడలు నిషిద్ధం. గుర్తులున్న దారుల్లోనే రాతి దాకా నడవాలి. గద్ద జాతి పక్షులు, నల్ల కొంగలు గూడు కట్టిన చోట కొన్ని శిఖరాలను వసంతంలో తాత్కాలికంగా మూసేస్తారు. ఆ జాబితా మారుతూ ఉంటుంది, బయలుదేరే ముందు రోజు చూడండి.

ఇక్కడి క్లైంబర్ల బృందాలు పాటలు పాడతాయి, రాజకీయాలు కూడా ఉన్నాయి అంటారు. ఏమిటా కథ?

ఇక్కడ క్లైంబింగ్ అంటే చిన్న చిన్న క్లబ్బులు, ఒక్కోదానికి సొంత పేరు, టోపీ మీద గుర్తు, వారాంతం బోఫెలో పాటలు. కార్మికుల క్లబ్బులు చాలా ఉండేవి. నాజీల కాలంలో వాటిలో కొందరు ఇదే కొండదారుల్లో సరిహద్దు దాటి నిషిద్ధ పత్రాలు చేరవేశారు. వడ్రంగి, క్లైంబర్, గాయక బృందం నడిపిన కుర్ట్ ష్లోసర్‌కు 1944 ఆగస్టులో డ్రెస్‌డెన్‌లో మరణశిక్ష అమలు చేశారు. డ్రెస్‌డెన్‌లోని క్లైంబర్ల గాయక బృందం ఆయన పేరు పెట్టుకుంది.

జర్మన్ రాదు. స్థానికులతో కలిసి ఎక్కడం కుదురుతుందా?

కుదురుతుంది. డ్రెస్‌డెన్‌లో చదువుకునేవాళ్ళయితే యూనివర్సిటీ క్రీడా విభాగంలో అడగండి, మిగతావాళ్ళు సంఘం నడిపే శిక్షణలకు రాసి చూడండి. తాడు మీద ఉన్నప్పుడు నాలుగు మాటలు చాలు: ‘స్టాండ్’ అంటే నిలబడి కట్టుకున్నాను, ‘జైల్ ఐన్’ అంటే తాడు లాగు, ‘నాఖ్‌కొమ్మెన్’ అంటే రా, ‘ష్టైన్’ అంటే రాయి పడుతోంది. మొదటి రోజే ముందు ఎక్కుతానని అడగకండి. వెనక ఎక్కుతూ వాళ్ళు పెట్టిన ప్రతి ముడినీ తీసే ముందు ఒక్క క్షణం ఆగి, అది రాతిలో ఎలా కూర్చుందో, ఏ పక్క తగిలిందో, ఎంత లోపలికి ఉందో చూడండి. పదిహేను, ఇరవై ముడులు అలా చూశాక మీ చేతులకు కొంత తెలుస్తుంది.